కుర్చీకి సరిపడిన మోకాలు

దుర్ముఖి, మాఘం. నేను పనిలో చేరిన నెల. నా గది తలుపు మీద 'మాలీసు గది' అని రాయించారు. సరిదిద్దమని అర్జీ పెట్టాను. జవాబు లేదు.

హేవిళంబి, శ్రావణం. రోగులు పట్టుకొని నడక నేర్చుకొనే రెండు కడ్డీల మీద వార్డు దుప్పట్లు ఆరవేయడం మొదలుపెట్టారు. తడి దుప్పట్లు ముఖాలకు తగులుతుంటే రోగులు నడిచారు. అర్జీ పెట్టాను. జవాబు లేదు.

విళంబి, చైత్రం. రోగి తన నడకను తాను చూసుకోవడానికి పెట్టిన నిలువుటద్దాన్ని పెద్ద డాక్టరుగారి గదికి తీసుకుపోయారు. అర్జీ పెట్టాను. 'చూద్దాం' అని నోటిమాటగా చెప్పారు.

వికారి, పుష్యం. పలకల గని పనివాడు కాశయ్యను, మోకాలు సగమే వంగుతున్న స్థితిలో, 'నయమైనది' అని చీటీ రాసి పంపివేశారు.

వికారి, మాఘం. అదే కాశయ్య కసరత్తుకు మళ్ళీ వస్తే, నయమైనవారికి లోపల పని లేదని గేటు దగ్గరే ఆపివేశారు.

శార్వరి, చైత్ర శుద్ధ పాడ్యమి. కాశయ్య గనిలో తన చోటు పోగొట్టుకున్నాడు.

పై ఆరింటిలో మొదటి మూడూ నాకు జరిగినవి. వాటిని ఇక్కడ రాయడం వరుస తప్పకూడదని మాత్రమే. కడపటి మూడూ వేరొక మనిషికి జరిగినవి. వాటి కోసమే ఈ వ్యాసం.

ఎవరికోసం

యుద్ధకాలంలో సైనిక ఆసుపత్రిలో ఈ విద్య నేర్చుకున్నాను. ఎముకలు అతికిన తరువాత, కట్లు విప్పిన తరువాత, మనిషిని మళ్ళీ అతని పనిలోకి చేర్చే విద్య ఇది. పేరు ఫిజియోథెరపీ. మన మార్కాపురం ప్రాంతంలో ఆ పేరు ఎవరికీ తెలియని రోజుల్లో, రాష్ట్రం ఏర్పడిన కొత్తలో, ఇక్కడి ధర్మాసుపత్రిలో చేరాను. ఈ శోభకృత్‌లో విరమించాను. నా స్థానంలోకి త్వరలో కొత్తవారు వస్తారు. వారికీ, వారి బల్ల మీదికి మొదటిసారి భయపడుతూ ఎక్కబోయే రోగులకూ తెలియవలసిన కొన్ని సంగతులు రాస్తున్నాను. ఎప్పుడు ఏ పదవి వచ్చింది, ఎవరు సన్మానించారు అనేవి ఇందులో ఉండవు.

రోగి మొదటి రోజు భయపడుతూనే వస్తాడు. భయపడవద్దని అతనికి చెప్పడం వృథా. చికిత్స చేసేవాడికి కూడా భయం ఉంటుందని మాత్రం రోగులు తెలుసుకోవాలి. కాశయ్య కాలిని అరచేతిలో పట్టుకున్న ప్రతి ఉదయం నాకు భయం వేసింది. ఎందుకో తరువాత చెబుతాను.

చోటు కాయడం

వికారి ఆషాఢంలో గనిలో బండ జారి కాశయ్య తొడ ఎముక విరిగింది. అప్పటికి అతనికి ముప్పై దాటి ఉంటాయి. పెద్ద డాక్టరుగారు మద్రాసులో చదివినవారు, చేయి మంచిది. కాలికి బరువులు కట్టి, తరువాత సిమెంటు కట్టు వేసి, కాలు పోకుండా కాపాడారు. ఆ సంగతి మొదటే చెప్పడం న్యాయం. కార్తీకంలో కట్టు విప్పి నా దగ్గరకు పంపారు. అంతకాలం చాచి ఉంచిన మోకాలు కొయ్యలా బిగుసుకుపోయింది.

మొదటి రోజు నేను వేరొక రోగితో ఉండి, చీటీ తెచ్చిన మనిషిని బల్ల మీద కూర్చోమన్నాను. మోకాలు ఎంతవరకు వంగితే అంతవరకు వంచి చూపమన్నాను. తిరిగి చూసేసరికి ఆ మనిషి రెండు కాళ్ళూ కడుపులోకి ముడుచుకొని కూర్చున్నాడు. చీటీ తీసి మళ్ళీ చదివాను. కాశయ్య, కుడి తొడ ఎముక అనే ఉంది.

"నీ పేరేమిటి?" అన్నాను.

"కాశయ్య అని రాసుకోండి సారూ."

"రాసుకోవడం నా పని. నీ పేరేమిటో చెప్పు."

"ఓబులేసు. కాశయ్య తమ్ముణ్ణి. కాలు కదిలిస్తే ఇరుగుతాదని మాయమ్మ అన్నను బండి ఎక్కనీలేదు. అందుకని నేనొచ్చినా. ఏం కసరత్తో చెప్పండి, చేసిపోతా."

"నువ్వు చేస్తే మీ అన్న కాలు ఎలా వంగుతుందయ్యా?"

"వంగేది తరవాత సంగతి సారూ. ముందు చోటు పోగూడదు గదా! రేపు మీరు వరసలో అన్న పేరు కొట్టేస్తే మేం మళ్ళ యాడికి పోవాల?"

పక్క బల్ల మీద భుజం నొప్పితో కంభం నుంచి వచ్చే ముసలి రైతు ఒకాయన ఉన్నాడు. ఆయన చేయి పైకెత్తే కసరత్తు ఆపి, "ఒరే అబ్బీ, రేపు నీ పెండ్లానికి నొప్పులొస్తే నువ్వు పండుకుంటావా మంచం మీద?" అన్నాడు. గది అంతా నవ్వింది. ఓబులేసు నవ్వలేదు.

ఆ రోజు అతన్ని కోప్పడి పంపాను. తరువాత గనికి పోయి చూస్తే విషయం బోధపడింది. పలకలు చీల్చేవారు వరుసగా కొట్టం కింద కూర్చుంటారు. ఎవరి చోటు వారిది. ఒకడు జ్వరపడితే ఇంట్లో ఇంకొకడు వచ్చి ఆ చోట్లో కూర్చుంటాడు. దాన్ని 'చోటు కాయడం' అంటారు. ఖాళీగా వదిలిన చోటు మరొకరిది అవుతుంది. కాశయ్య చోటును ఆషాఢం నుంచి ఓబులేసే కాస్తున్నాడు. అంతకుముందు అతడు లారీలకు బండలు ఎత్తేవాడు. గనిలో తెలిసిన మర్యాదనే మా గదిలోనూ పాటించాడు, అంతే.

కనుక కొత్త రోగులకు మొదటి మాట: మీ బదులు మరొకరు రాలేరు. మీ బదులు నేను కూడా చేయలేను. వైద్యుడు కట్టు కడితే మీరు పడుకొని ఉండవచ్చు. ఇక్కడ ఆ వీలు లేదు. మాలీసు చేయించుకొని పోదామని వచ్చేవారు ఆశాభంగం పొందుతారు. కసరత్తు మీదే, చూపించడం, కాపు కాయడం నావి.

బరువు వదలడం

మరునాడు కాశయ్యను బండిలో తెచ్చారు. తల్లి వెంట ఉంది. ఆమె నా రెండు చేతులూ చూసింది, అవి ఎంత బలమైనవో అంచనా వేస్తున్నట్టు.

"సామీ, కట్టు ఇప్పినకాడినుండి నా బిడ్డ కాలు గాజుబుడ్డి మాదిరి ఉండాది. గట్టిగ పట్టుకోగాకండి."

కాశయ్యను బల్ల అంచున కూర్చోబెట్టాను. మడమ కింద చేయి పెట్టి, "కాలి బరువు నా చేతిలో వదులు" అన్నాను. వదిలానన్నాడు. వదలలేదు. నా చేయి మెల్లగా తీసివేస్తే కాలు గాలిలో అలాగే నిలిచింది. అతని తొడ కండ రాయిలా ఉంది. రెండు చేతులతో బల్లను పట్టుకొని, పళ్ళు బిగించి, చెమటలు కారుతూ కూర్చున్నాడు.

"వదిలినాను సారూ."

"వదిలితే కాలు కిందికి దిగాలి కదా?"

"దిగితే ఇరుగుతాదేమో."

ఆ పూటంతా అదే పని. మోకాలు ఎంత వంగుతుందో కొలవనే లేదు. మధ్యాహ్నానికి ఒక్కసారి, తల్లి ఏదో అడిగితే అటు తిరిగి జవాబు చెబుతూ, తనకు తెలియకుండానే కాలి బరువును నా చేతిలో వదిలాడు. వదిలిన సంగతి తెలిసి ఉలిక్కిపడ్డాడు. కాలు విరగలేదు. తల్లి ముఖం చూశాడు. అక్కడినుంచి చికిత్స మొదలైందని నా దినచర్యలో రాసుకున్నాను.

నా భయం ఏమిటంటే, కొత్తగా అతికిన తొడ ఎముక పైన ఉంది, బిగుసుకున్న కీలు కింద ఉంది. కీలును వంచడానికి నేను పెట్టే బలం ఎముక మీద కూడా పడుతుంది. బలం తక్కువైతే మోకాలు రాదు, ఎక్కువైతే తల్లి భయపడినదే జరుగుతుంది. ఎంత చాలు అన్నది ఏ పుస్తకమూ చెప్పదు. అరచేయి చెప్పాలి. ఆ అరచేయి తప్పు చెబుతుందేమోనని ఇంటికి పోయి అన్నం ముందు కూర్చున్నా గుబులుగానే ఉండేది. కొత్తగా ఈ పనిలోకి వచ్చేవారికి ఈ గుబులు లేకపోతే నేను వారిని నమ్మను.

ఏ నొప్పి మంచిది

నొప్పి లేకుండా ఈ చికిత్స జరుగుతుందని ఎవరైనా చెబితే నమ్మవద్దు. ఎంత నొప్పి అయినా ఓర్చుకోవాలని ఎవరైనా చెబితే అదీ నమ్మవద్దు. కసరత్తు చేసేటప్పుడు లాగి, పూట గడిచేసరికి నెమ్మదించే నొప్పి రావలసినదే. రాత్రి నిద్ర చెడగొట్టి, మరునాటికి కీలు వేడెక్కి వాచితే ముందురోజు చేసింది ఎక్కువైందని అర్థం. అప్పుడు ఓర్చుకోవడం వీరత్వం కాదు. వచ్చి చెప్పాలి. పిక్క ఉన్నట్టుండి వాచినా, పాదం మొద్దుబారినా కసరత్తు ఆపి ముందు డాక్టరుకు చూపించుకోవాలి.

నొప్పి పోయిందని మానేసేవారు మరొక రకం. నొప్పి ముందు పోతుంది, కదలిక తరువాత వస్తుంది. మధ్యలో మానేసినవారి కీలు మానేసిన చోటనే నిలిచిపోతుంది.

ఇంటివారికి కూడా ఒక మాట. కొమరోలు నుంచి పక్షవాతం వచ్చిన ఒక పెద్దమ్మను తెచ్చారు. ఇద్దరు కోడళ్ళు. ఒకరు అన్నం కలిపి పెడతారు, ఒకరు తల దువ్వుతారు. ఆమె కుడిచేయి కొద్దిగా కదులుతోంది, కానీ కదిలించవలసిన అవసరం ఆ ఇంట్లో ఎవరూ రానివ్వలేదు. "మా అత్తను మేం పువ్వులో పెట్టి చూసుకుంటాండాం సారూ" అన్నారు. నిజమే. ఆ చేయి ఆ పువ్వులోనే వాడిపోయింది. ఆమె ముద్ద ఆమెనే కలుపుకోనివ్వండని, ఒలికితే ఒలకనివ్వండని ఎంత చెప్పినా, ఊరివాళ్ళు చూస్తే ఏమనుకుంటారని భయపడ్డారు. రోగికి మీరు చేసే ప్రతి సేవా రోగి చేయవలసిన ఒక కసరత్తును తీసివేస్తుందేమో చూసుకోండి.

లంబకోణం

పుష్యం నాటికి కాశయ్య మోకాలు లంబకోణం వరకు వంగింది. అంటే బల్ల మీద కూర్చుంటే పాదం నేలకు తిన్నగా ఆనుతుంది. కర్ర లేకుండా నడుస్తున్నాడు. అతని తల్లి ఒకరోజు నాకు సజ్జరొట్టెలు తెచ్చింది. ఆ వారం పెద్ద డాక్టరుగారు మా గదికి వచ్చి, కోణం కొలిచే చట్రం తానే పెట్టి చూశారు.

"బాగుందండీ. కుర్చీలో కూర్చోగలడు, నడవగలడు. పంపేద్దాం."

"అతడు కుర్చీలో కూర్చునే మనిషి కాదండీ. పలకలు చీల్చే మనిషి. మడమలు నేలకు ఆనించి గొంతుకూర్చోవాలి. బండను రెండు పాదాల మధ్య నిలబెట్టి పట్టుకోవాలి. అందుకు ఈ మోకాలు సగమే వచ్చింది. మిగిలిన సగం కూడా వస్తుంది, నా చేతికి తెలుస్తోంది. చైత్రం దాకా గడువివ్వండి."

"బయట ఎంతమంది ఎదురుచూస్తున్నారో మీకు తెలియదా? లంబకోణం వచ్చిన మోకాలు పనికొచ్చే మోకాలని పుస్తకం చెబుతోంది."

"పుస్తకం రాసినవారు కుర్చీల దేశంవారండీ."

ఆయన నవ్వారు. కోపం తెచ్చుకొనే మనిషి కారు. "అయితే కుర్చీలో కూర్చునే పని చూసుకోమనండి" అని చీటీ మీద 'నయమైనది' అని రాసి సంతకం చేశారు.

ఆ చీటీ కాశయ్యకు నేనే చదివి వినిపించవలసి వచ్చింది. అతడు గోడకు ఆనుకొని నిలబడి విన్నాడు.

"నయమయిందంటే... ఇంగ రాగూడదా సారూ?"

"రాకూడదని కాదు. ప్రస్తుతానికి..."

"ఉగాదికి ఇంగ రెండు నెలల పైచిల్లరే ఉండాది."

ఉగాది సంగతి అప్పుడే మొదటిసారి పూర్తిగా చెప్పాడు. ఆ గనిలో ఉగాది పొద్దున చోట్లు తిరగవేస్తారు. ఉలికి, సుత్తికి పసుపు పెట్టి, మేస్త్రి ఒక్కొక్కరినీ పిలుస్తాడు. పిలిచిన మనిషి తన చోట్లో కూర్చొని ఒక బండను చీల్చి చూపాలి. చీల్చినవారికి ఏడాదికి ఆ చోటు ఖాయం. ఆ నాడు మాత్రం ఒకరి బదులు ఒకరు కాయడం చెల్లదు.

కొత్త రోగులూ, దయచేసి ఇది గుర్తుంచుకోండి. మీ పని ఏమిటో, ఆ పనిలో ఎలా కూర్చుంటారో, ఎలా వంగుతారో, ఏ నాటికి తిరిగి పోవాలో మొదటి రోజునే చెప్పండి. అడగకపోయినా చెప్పండి. మీ ఇంట్లో కుర్చీ ఉందో లేదో కూడా చెప్పండి. చికిత్స ఎక్కడ ఆగాలో నిర్ణయించేది ఆ సంగతులే కావాలి.

రోజుకొక పలక

గేటు దగ్గర కాశయ్యను ఆపివేసిన తరువాత, డ్యూటీ ముగించుకొని సైకిలు మీద నేనే అతని ఊరికి పోసాగాను. రోజూ వీలయ్యేది కాదు. నేను పోలేని రోజుల్లో ఏమేమి చేయాలో అతని భార్య నాగమ్మకు చూపించాను. గోడ పట్టుకొని మెల్లగా దిగడం, దిగినచోట ఆగడం, లేవడం.

మాఘం చివర ఒక సాయంత్రం పోయేసరికి కాశయ్య మంచం మీద బోర్లా పడుకొని ఉన్నాడు. కుడికాలు వెనక్కి మడిచి, పాదానికి గోతం కట్టారు. గోతంలో పలకలు. మోకాలి చుట్టూ తడిగుడ్డ. దిండులో ముఖం పెట్టి కొరుకుతున్నాడు. తల్లి అతని తల దగ్గర కూర్చొని ఉంది. ఓబులేసు మరో పలక పట్టుకొని నిలబడి ఉన్నాడు.

ముందు గోతం విప్పాను. గుడ్డ తీశాను. మోకాలు సొరకాయలా వాచింది. తాకితే కాలుతోంది.

"ఎన్నాళ్ళనుంచి చేస్తున్నారిది?"

ఓబులేసు, "రోజుకొక పలక కలుపుతాండాం" అన్నాడు. "మొండిబండ ఒక్క దెబ్బకు ఇడవదు సారూ. తడిపి, బరువేసి, ఓపిగ్గ ఉంటే పొర అదే ఇడుస్తాది."

"ఇది రాయి కాదు! లోపల కీలు రేగిపోయింది. ఇక వాపు తగ్గేదాకా ఏమీ చేయడానికి లేదు. మెల్లగా చేయమని చెప్పానా, లేదా?"

అప్పటిదాకా వాకిట్లో నిలబడి ఉన్న నాగమ్మ లోపలికి వచ్చింది.

"మీరు మెల్లగ అంటాండారు అన్నా. ఉగాది మెల్లగ వస్తాదా?"

మెల్లగా చేసే చికిత్సకు కావలసిన రోజులను ఆసుపత్రి తీసివేసింది. ఉన్న రోజుల్లోకి చికిత్సను కుదించాలని ఆ ఇంటివారు తమకు తెలిసిన పద్ధతిలో ప్రయత్నించారు. తప్పు పద్ధతి. దాన్ని నేను సమర్థించను. రోగులెవరూ ఇలా చేయకూడదని గట్టిగా చెబుతున్నాను. బలవంతంగా వంచిన కీలు పగబట్టినట్టు మరింత బిగుస్తుంది. కానీ ఆ తప్పును ఆ ఇంటి గుమ్మంలోనే వెదకడం నాకు చేతకాదు.

వాపు తగ్గేసరికి ఫాల్గుణం సగం గడిచింది.

ఉగాది పొద్దు

నేను కూడా గనికి పోయాను. పిలవలేదు, అయినా ఇంట్లో కూర్చోలేకపోయాను. పచ్చడి తిని, కొత్త తువ్వాళ్ళు భుజాన వేసుకొని అందరూ కొట్టం ముందు నిలబడి ఉన్నారు. మేస్త్రి పెద్దవయసు మనిషి. కాశయ్య పేరు పిలిచాడు.

కాశయ్య తన చోటికి పోయి, నాలుగు పలకలు ఒకదానిమీద ఒకటి పేర్చి, వాటిమీద కూర్చున్నాడు.

మేస్త్రి అన్నాడు: "ఏంది కాశన్నా, పీటేసుకున్నావు? పెండ్లికొడుకువా?"

కొందరు నవ్వారు. కాశయ్య కూడా నవ్వబోయాడు. "ఈ ఒక్క ఏడు, మామా. కాలు వస్తాంది. సారు కూడా చెప్తాడు."

మేస్త్రి నా వైపు చూశాడు. నేను అవునన్నాను. నా మాట ఎంత పలచగా వినబడిందో నాకే తెలిసింది.

"చీల్చు, చూద్దాం."

పీట మీద కూర్చున్నా మోకాలు చాలినంత వంగక కుడి పాదం బండకు అందలేదు. ఎడమ పాదంతోనే బండను అదిమిపట్టి, వంగి, ఉలి పెట్టాడు. మొదటి దెబ్బ బాగానే తగిలింది. రెండో దెబ్బకు బండ కదిలింది. మూడోదానికి ఉలి జారి, పొర విడవవలసిన బండ అడ్డంగా పగిలి, పెద్దముక్క అతని కుడికాలి పక్కనే పడింది. వెనక నుంచి తల్లి కేక వినబడింది.

మేస్త్రి కొంతసేపు ఆ ముక్కను చూశాడు. "బండ పోతే పోయింది. అది నీ కాలిమీద పడుంటే మీ అమ్మకు జవాబు చెప్పేది ఎవరు, నేనా?" అన్నాడు. ఆ మాటలో కాఠిన్యం లేదు. తరువాత, "ఓబులేసూ, రా. కాచినోనిదే చోటు" అన్నాడు.

ఓబులేసు కదలలేదు. రెండోసారి పిలిచాక వచ్చి, పలకలు తీసివేసి, అన్న లేచిన చోట గొంతుకూర్చున్నాడు. బండను పాదాల మధ్య పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు.

"ఏడవగాకురా, పండగ పూట. ఉలి జారుతాది" అన్నాడు కాశయ్య.

బండ విడిపోయింది. చక్కగా, కాగితంలా.

ఆలస్యంగా వచ్చిన మోకాలు

ఉగాది తరువాత కూడా నేను పోవడం మానలేదు. తరిమే గడువు లేకపోవడంతో ఆ ఇంట్లో ఎవరూ తొందరపడలేదు. బరువులు లేవు, తడిగుడ్డలు లేవు. గోడ పట్టుకొని దిగడం, ఆగడం, లేవడం. శార్వరి శ్రావణంలో ఒక సాయంత్రం, వాన వెలిసిన వాకిట్లో, కాశయ్య రెండు మడమలూ నేలకు ఆనించి గొంతుకూర్చున్నాడు. దేన్నీ పట్టుకోలేదు. తల్లి వచ్చి అతని ముందు కూర్చొని, ఆ మోకాలి మీద చేయి వేసి, "ఇప్పుడొచ్చినావా?" అని మోకాలినే అడిగింది.

నేను పుష్యంలో అడిగిన గడువు చైత్రం దాకా. మధ్యలో చెడిన రోజులు, గేటు దగ్గర పోయిన రోజులు తీసివేసి లెక్కవేసి చూడండి. ఆ గడువు ఇచ్చి ఉంటే ఉగాదికి ఆ మడమలు నేలకు ఆనేవని నా అభిప్రాయం. అభిప్రాయమే, రుజువు కాదు. రుజువు చేసే అవకాశం నాకు ఇవ్వలేదు.

ఈ సంగతి పెద్ద డాక్టరుగారికి చెప్పాను. ఆయన నిజంగానే సంతోషించారు. "చూశారా, మనం నయం చేసిన కాలే కదా" అన్నారు.

మరుసటి ఉగాదికి ఓబులేసు, "నీ చోటు నువ్వు తీసుకో అన్నా" అన్నాడట. "నీ బిడ్డలు చిన్నోళ్ళు, కూసో" అన్నాడట కాశయ్య. ఇప్పుడు అతడు లారీలకు బండలు ఎత్తుతున్నాడు. కూర్చొని చేసే పనికి పనికిరాదని తేల్చిన కాలి మీద, మనిషి మోయగల బరువంతా మోస్తున్నాడు. గని వైపు నుంచి ఎవరైనా పరుగున వస్తే ఇప్పటికీ ఎదురుపోయి ఎవరికేమైందని అడుగుతాను.

అడుగుతున్నది

ధర్మాసుపత్రి నిర్వాహక సంఘం అధ్యక్షులవారికి,

కొత్త ఫిజియోథెరపిస్టు బాధ్యతలు తీసుకోకముందే ఈ కింది విషయాలకు వ్రాతమూలకంగా సమాధానం ఇవ్వవలసిందిగా కోరుతున్నాను. నోటిమాటను, కబురును సమాధానంగా అంగీకరించను.

ఒకటి. రోగి చీటీ మీద 'నయమైనది' అని రాసేముందు, అతడు ఏ పని చేసే మనిషో, ఆ పనిని తిరిగి చేయగలడో లేదో విచారించవలసిన బాధ్యత ఆసుపత్రికి ఉందా, లేదా? ఉంటే, కాశయ్య విషయంలో ఆ విచారణ ఎవరు చేశారు?

రెండు. లంబకోణం దగ్గర చికిత్స ఆపే పద్ధతి ఈనాటికీ అమలులో ఉందా? ఉంటే, నేల మీద కూర్చొని బతికే ఈ తాలూకాల ప్రజలకు అది ఎలా సరిపోతుంది?

మూడు. పంపివేసిన రోగి చికిత్స చాలలేదని తిరిగివస్తే, గేటు దగ్గర ఆపమన్న ఉత్తర్వు ఎవరిది? అది ఇప్పుడు రద్దయిందా?

సమాధానం నా పేర రాయవద్దు. నేను విరమించినవాణ్ణి. నాకు కావలసిందేమీ మీ దగ్గర లేదు. కాశయ్య పేర రాయండి. అతనికి చదువు రాదు, కనుక నేను పోయి చదివి వినిపిస్తాను. ఏ మాట దగ్గర అతడు నన్ను ఆపి మళ్ళీ చదవమంటాడో, ఆ మాటను కూడా రాసి, తారీఖు వేసి, మీకు పంపుతాను.